మెడ మీది కంటె ముందు కాదు, ముక్కు ముందు: ఊళ్లో చిలకల రకాలు గుర్తుపట్టడం

పచ్చటి ఒళ్లు, ఎర్రటి ముక్కు, పొడుగాటి తోక కనబడితే రామచిలక అనేస్తాం. ఊళ్లో ఉన్నంతవరకు చాలాసార్లు ఆ మాట నిజమే. 2018లో ఆంధ్రప్రదేశ్ తన రాష్ట్ర పక్షిగా ఎంచుకున్నదీ ఈ రామచిలకనే. చిక్కల్లా ఏమిటంటే, అదే చెట్టు మీద, ఒక్కోసారి అదే గుంపులో, ఇంకో రకం చిలక కూడా కూర్చుని ఉండొచ్చు. వాటిని విడదీయడం కష్టమేం కాదు. ఏది ముందు చూడాలో ఏది తర్వాత చూడాలో ఆ వరస తప్పితే మాత్రం ఏళ్ల తరబడి పిట్టల్ని చూస్తున్నవాళ్లు కూడా బోల్తా పడతారు.

తెలుగు ఊళ్లలో తికమక పెట్టేవి ముఖ్యంగా మూడు. మొదటిది మామూలు రామచిలక. ముక్కు నుంచి తోక కొస దాకా దాదాపు 40 సెంటీమీటర్లు, అందులో సగానికి పైగా తోకే. బరువు 100 నుంచి 140 గ్రాములు. రెండోది పెద్ద చిలక. ఇంగ్లీషులో దీన్ని అలెగ్జాండర్ పేరు మీద అలెగ్జాండ్రిన్ అంటారు, హిందీ, ఉర్దూ మాట్లాడే పిట్టల వ్యాపారులు పహాడీ తోతా అంటారు. పొడవు 55 నుంచి 60 సెంటీమీటర్లు, బరువు 200 నుంచి 300 గ్రాములు. అంటే రామచిలకకు రెట్టింపు బరువు. మూడోది ఎర్రతల చిలక. పుస్తకాల్లో ప్లమ్ తల చిలక అని ఉంటుంది. ప్లమ్ అంటే మన ఆల్‌బుఖారా, మగపక్షి తల సరిగ్గా ఆ పండు రంగే. ఇది 35 సెంటీమీటర్ల లోపు, 60 నుంచి 80 గ్రాముల తేలికైన పిట్ట. రామచిలక ఊరి పిట్ట. మిగతా రెండూ అడవి పట్టున ఉండేవి. నల్లమల, తూర్పు కనుమల లాంటి చోట్ల స్థిరంగా ఉంటాయి. కొండ అంచున ఉన్న పట్టణాల్లోకి, పెద్ద పెద్ద చెట్లున్న క్యాంపస్‌లలోకి, తోటల్లోకి వస్తూ పోతూ ఉంటాయి. పంజరాల్లోంచి తప్పించుకున్న పెద్ద చిలకలు నగరాల్లో కాపురం పెట్టడం కూడా మామూలే. అందుకని 'ఇక్కడ అది ఉండదు' అని ముందే తీర్మానించుకుని చూడకండి.

కంటె దేనికి పనికొస్తుంది

అందరి చూపూ ముందు మెడ మీదికే పోతుంది. మెడ చుట్టూ గులాబి పట్టీ, అంటే కంటె, ఉందంటే రామచిలక అని రాసేస్తారు. పెద్ద చిలక మగపక్షికీ అచ్చం అలాంటి కంటె ఉంటుంది. గడ్డం కింద నల్ల గీత, అది పక్కలకు సాగి వెనక గులాబి పట్టీలో కలవడం రెండింటిలోనూ ఒకటే. పోనీ కంటె లేదంటే ఏమైనా తేలుతుందా అంటే అదీ లేదు. రామచిలక ఆడపక్షికి కంటె ఉండదు, పెద్ద చిలక ఆడపక్షికీ ఉండదు, ఏ పిల్లకీ ఉండదు. మగపిల్లకు కంటె పూర్తిగా రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. కాబట్టి కంటె చెప్పేది 'ఎదిగిన మగపక్షి' అన్న ఒక్క ముక్కే. జాతి సంగతి దాన్ని అడగకూడదు. అది చివర్లో చూసుకోవాల్సిన గుర్తు.

ఇంకో మాట. మెడ ముందు నుంచి చూస్తే నల్ల గీతే కనబడుతుంది, గులాబి పట్టీ కనబడదు. వెనక నుంచి చూస్తే పట్టీ కనబడుతుంది, నల్ల గీత కనబడదు. పక్షి తల తిప్పేదాకా ఆగకుండా 'కంటె లేదు' అని రాయడం చాలా నోట్‌బుక్కుల్లో కనబడే తప్పు.

ముక్కు నుంచి మొదలుపెట్టండి

ముందు కింది ముక్కు చూడండి. దక్షిణాది రామచిలకకు పై ముక్కు చిక్కటి ఎరుపు, కింది ముక్కు చాలావరకు నలుపు. పెద్ద చిలకకు పైదీ కిందిదీ రెండూ ఎరుపే. పైగా ఆ ముక్కు తలతో పోలిస్తే మరీ పెద్దది. ముఖంలో సగం ముక్కే ఉన్నట్టుంటుంది. రామచిలక ముక్కు ముఖానికి తగ్గట్టు ఒద్దికగా ఇమిడి ఉంటుంది. ఎర్రతల చిలక పై ముక్కు ఎరుపు కాదు, నారింజ కలిసిన పసుపు. మగపక్షికి కింది ముక్కు నల్లగా ఉంటుంది.

ఇక్కడే ఒక మెలిక ఉంది. కింది ముక్కు నలుపన్న గుర్తు దక్షిణాది రామచిలకకే సరిపోతుంది. ఉత్తరాది రామచిలకల్లో కింది ముక్కు కూడా ఎర్రగా, కొస దగ్గర మాత్రం నల్లగా ఉండటం మామూలు. ఢిల్లీలోనో లక్నోలోనో ఉండే తెలుగువాళ్లు ఈ ఒక్క గుర్తు పట్టుకుని ప్రతి రామచిలకనీ పెద్ద చిలక చేసేయకూడదు. హైదరాబాదులో కూడా ఉత్తరాది నుంచి తెచ్చి అమ్మిన పక్షి ఒకటి పంజరం దాటి గుంపులో కలిసి ఉండొచ్చు. ముక్కు అనుమానం పుట్టిస్తుంది, భుజం ఆ అనుమానాన్ని తీరుస్తుంది.

ఇంకొకటి: జామకాయో మామిడికాయో తింటున్న చిలక ముక్కుకు గుజ్జు అంటుకుని కింది భాగం తెల్లగానో పసుపుగానో కనబడుతుంది. అది ముక్కు కొమ్మకేసి రాసుకునే వరకు ఆగండి. తినడం అవగానే తప్పకుండా రాసుకుంటుంది.

భుజం మచ్చ

రెక్క ముడిచినప్పుడు పైకి వచ్చే మలుపు దగ్గర, అంటే మనం భుజం అనుకునే చోట, పెద్ద చిలకకు ముదురు ఎరుపు మచ్చ ఉంటుంది. కుంకుమ ఎరుపు కాదు, ఎండిన దానిమ్మ తొక్క లాంటి మెరూన్. ఇది మగపక్షికీ ఉంటుంది, ఆడపక్షికీ ఉంటుంది. పిల్లలకు కాస్త వెలిసినట్టు, చిన్నదిగా ఉంటుంది. రామచిలకకు ఏ వయసులోనూ ఉండదు. ఆడ పెద్ద చిలకనీ ఆడ రామచిలకనీ విడదీయడానికి ఇంతకన్నా గట్టి గుర్తు లేదు.

మరి మచ్చ కనబడలేదంటే లేనట్టేనా? కాదు. చల్లటి ఉదయం పూట చిలక ఈకలు ఉబ్బించి కూర్చుంటుంది, అప్పుడు వీపు ఈకలు, రొమ్ము పక్క ఈకలు భుజం మీద పరుచుకుని మచ్చను కప్పేస్తాయి. సూర్యుడు పక్షి వెనక ఉంటే మెరూన్ నల్ల నీడలా కనబడుతుంది. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ఆకుల నీడ పడి రామచిలక భుజం మీదే లేని మచ్చ ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. ఉపాయం ఒకటే: రెండు భుజాలూ చూడండి, పక్షి ఒళ్లు విరుచుకునేదాకా చూడండి. చిలక ఒక కాలూ ఒక రెక్కా కలిపి వెనక్కి చాచి ఒళ్లు విరుచుకుంటుంది. ఆ రెండు మూడు సెకన్లలో భుజం పూర్తిగా బయటపడుతుంది.

ఎర్రతల చిలక మగపక్షికి కూడా చిన్న మెరూన్ మచ్చ ఉంటుంది. తల చూశాక ఇక దాంతో తికమక పడేవాళ్లుండరు. అదే జాతి ఆడపక్షికి మచ్చ ఉండదు.

ఇక్కడ బజారు మోసం ఒకటి చెప్పాలి. పెద్ద చిలకకు ధర ఎక్కువ పలుకుతుందని రామచిలక పిల్లల భుజాలకు ఎరుపు పూసి పెద్ద చిలక పిల్లలని అమ్మేవాళ్లుంటారు. అలాంటి పక్షి తప్పించుకుంటే రంగు వెలిసేదాకా చూసేవాణ్ని ఏమారుస్తుంది. పూసిన రంగు ఈక అంచులు దాటి పక్క ఈకల మీదికి కూడా అంటి, అట్టకట్టినట్టుంటుంది. సహజమైన మచ్చలో ఒక్కో ఈక విడిగా, శుభ్రమైన అంచుతో కనబడుతుంది. మన దేశపు చిలకల్ని పట్టడం, అమ్మడం, పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. చిలక జోస్యం చెప్పేవాళ్ల పంజరంలో ఉన్నదానికీ ఇదే వర్తిస్తుంది.

ఎర్రతల చిలక: ఆడపక్షి దగ్గరే అసలు పరీక్ష

మగపక్షి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ముఖం గులాబి ఎరుపు, వెనక్కి పోయేకొద్దీ వంగపండు రంగు, దాని కింద సన్నని నల్ల పట్టీ. చూసినవాడు మర్చిపోడు. ఆడపక్షి తల మాత్రం నీలం కలిసిన బూడిద రంగు, మెడ చుట్టూ పసుపు పట్టీ, నల్ల గీత ఉండదు. వెలుతురు తక్కువైతే ఆ బూడిద రంగు పచ్చగానే అనిపించి 'ఆడ రామచిలక' ఖాతాలో పడిపోతుంది. ముక్కు చూస్తే తేలిపోతుంది: పసుపు ముక్కు ఉన్నది రామచిలక కాదు. పిల్లలైతే మరీ కష్టం, తల కూడా పచ్చగానే ఉంటుంది. అప్పుడూ ముక్కు పసుపుదనమే దిక్కు.

తర్వాత తోక కొస చూడండి. ఎర్రతల చిలక తోక మధ్య ఈకలు నీలిరంగులో ఉండి కొసలు తెల్లగా ఉంటాయి. ఎగిరి వచ్చి కొమ్మ మీద వాలే ముందు తోక విప్పినప్పుడు ఆ తెలుపు తళుక్కుమంటుంది. రామచిలక తోక పైన నీలం కలిసిన పచ్చ, అడుగున పసుపుపచ్చ. కొసన తెల్లటి మచ్చ ఉండదు. పెద్ద చిలక తోక కొస పసుపు.

డార్జిలింగ్ వైపో అస్సాం వైపో వెళ్లినవాళ్లకు ఇదే పోలికతో, తోక కొస పసుపుగా, తల కాస్త వెలిసిన గులాబిలో ఇంకో చిలక కనబడుతుంది. అది వేరే జాతి, మన దగ్గర ఉండదు. కూర్గులో, కేరళలో నీలిబూడిద ఒంటితో కనబడే మలబారు చిలక కూడా అంతే, పడమటి కనుమలు దాటి రాదు.

చెవికి పని చెప్పండి

కళ్ల కంటే చెవులే త్వరగా తేల్చే సందర్భాలు ఎక్కువ. పొద్దుటిపూట చిలకలు ఇళ్ల మీదుగా దూసుకుపోతున్నప్పుడు రంగు చూసే వ్యవధి ఎక్కడిది? రామచిలక కూత సన్నగా, పదునుగా, 'కీయక్... కీయక్' అని చెవిలో గుచ్చుకున్నట్టుంటుంది. పెద్ద చిలకది అదే పోలికే గానీ బొంగురు గొంతు, 'క్రీ...యార్' అని చివర బరువుగా వాలుతుంది. గొంతు పాడైన రామచిలక అరిచినట్టుంటుందని చెప్పుకుంటే గుర్తుంటుంది. ఎర్రతల చిలకది అరుపనిపించదు, 'టూయ్? టూయ్?' అని పైకి లేచే తీయని పలుకు. ఎవరో ఏదో అడుగుతున్నట్టుంటుంది. ఎగురుతూ కూడా అదే పలుకుతుంది.

నేర్చుకునే పద్ధతి: మొదటి రెండు వారాలు రామచిలక ఒక్కదాన్నే వినండి. అది పిలిచే కూత, బెదిరినప్పటి అరుపు, జంట పక్కన చేసే గుసగుసలు, పిల్ల ఆకలికి పెట్టే గోల అన్నీ చెవిలో పడాలి. మామూలుది బాగా తెలిస్తేనే తేడా ఉన్నది చప్పున తగులుతుంది. రెండో జాతి కూతను రికార్డింగుల్లో విని బయటికి పరిగెత్తేవాళ్లకు ప్రతి బొంగురు గొంతూ పెద్ద చిలకలాగే వినబడుతుంది.

మెర్లిన్ లాంటి యాప్ శబ్దం విని పేరు చెబుతుంది. అది చెప్పినదాన్ని ఆచూకీగా తీసుకోండి, తీర్పుగా కాదు. ట్రాఫిక్ హారన్ల మధ్య, మైనాల గోల మధ్య చిలకల్ని చిలకలతోనే కలగలిపే అవకాశం ఉంది. మైనా, కాకి కాస్త ఎడంగా ఉన్న చోట 20 నుంచి 30 సెకన్ల ముక్క రికార్డు చేసి, దాన్ని దాచుకుని తర్వాత నింపాదిగా వినడం మేలు. గూడు కట్టే కాలంలో ఫోన్లో కూత వినిపించి పక్షిని పిలవకండి. తొర్ర వదిలి బయటికొచ్చిన జంట తిరిగి వెళ్లేలోపు మైనా ఆ తొర్రలో దూరుతుంది.

ఏ నెలలో చూస్తున్నారన్నది ముఖ్యం

జనవరి నుంచి ఏప్రిల్ దాకా రామచిలకలు గూళ్ల పనిలో ఉంటాయి. చెట్టు తొర్రలు, పాత గోడల బెజ్జాలు, రాతి కట్టడాల సందులు వెతుక్కుంటాయి. నాలుగు నుంచి ఆరు గుడ్లు, మూడు వారాలకు పైగా పొదుగుడు, పిల్ల ఎగరడానికి మరో ఆరేడు వారాలు. ఆ లెక్కన ఎండాకాలం వచ్చేసరికి గుంపుల్లో పిల్లలు కలుస్తాయి. మే, జూన్‌లలో గుంపును చూసి 'మగపక్షులే లేవే' అనుకోవడం ఇందువల్లే. కంటె లేనివన్నీ ఆడపక్షులు కావు, వాటిలో ఆ ఏటి పిల్లలు ఎక్కువ.

పిల్లను పట్టించేవి మూడు. తోక పొట్టిగా ఉంటుంది. ముక్కు ఎరుపు ఇంకా చిక్కబడక లేత గులాబిలా ఉంటుంది. కన్ను మొత్తం నల్లగా కనబడుతుంది. ఎదిగిన రామచిలకకు నల్ల కంటిపాప చుట్టూ పసుపు కలిసిన తెల్లటి వలయం ఉంటుంది, అందుకే దాని చూపు ఎప్పుడూ కోపంగా ఉన్నట్టుంటుంది. పిల్ల చూపు అమాయకంగా ఉంటుంది. తోక పొట్టిదని ఎర్రతల చిలక అనుకోవడం, ముక్కు లేతగా ఉందని కొత్త జాతి అనుకోవడం ఎండాకాలపు తప్పులు. ఈకలు రాల్చే పక్షికి కూడా తోక సగమే ఉండొచ్చు. అందుకే పొడవును ఒక్కదాన్నే నమ్మొద్దు.

ఫిబ్రవరి, మార్చిలో బూరుగ పూస్తుంది, మోదుగ పూస్తుంది. ఊరి చివర పూసిన బూరుగ చెట్టు ఒకటి దొరికితే మూడు రకాల చిలకల్నీ ఒకే చోట చూసే అవకాశం ఏడాదిలో అప్పుడే ఎక్కువ. ఎర్రతల చిలక, పెద్ద చిలక రెండూ ఆ పూల తేనె కోసం వస్తాయి. పుప్పొడి ముఖానికి అంటుకుని నుదురు పసుపుగా కనబడే పక్షి కూడా అప్పుడే ఎదురవుతుంది, దాన్ని కొత్త రకమని అనుకోకండి. సీమచింత కాయలు పండినప్పుడు, వేపపళ్లు రాలే రోజుల్లో, జొన్న కంకి పాలు పోసుకునేటప్పుడు ఎక్కువగా వచ్చేది రామచిలకే.

చిలకకొట్టుడు జామపండు చూసి జాతి చెప్పలేం. చిలకా, ఉడతా, గబ్బిలమా అన్నంతవరకు చెప్పొచ్చు. చిలక కొరికిన చోట పెద్ద పెద్ద చెక్కలు లేచి, లోతుగా, అంచు పదునుగా ఉంటుంది. పచ్చికాయను కూడా కొరికి రెండు ముక్కలు తిని కింద పడేస్తుంది. ఉడత కొరికితే సన్నని జంట పంటిగాట్లు వరసగా ఉంటాయి. గబ్బిలం రసం పీల్చి పిప్పి ఉండలు ఉమ్మేస్తుంది, పొద్దున్నే అవి చెట్టు కింద కనబడతాయి.

ఎగిరే గుంపు, పొద్దుగూకే చెట్టు

సూర్యాస్తమయానికి అరగంట ముందు నుంచి చీకటి పడేదాకా చిలకలు రాత్రి మకాం చెట్లకు చేరతాయి. నిద్రగన్నేరు, మర్రి, రావి, కొబ్బరి వాటికి ఇష్టం. మైనాలు, కాకులు కూడా అక్కడే దిగుతాయి. తేడాలు నేర్చుకోవడానికి ఇది మంచి బడి, ఎందుకంటే పోల్చుకోవడానికి తెలిసిన పిట్టలు పక్కనే ఉంటాయి. పక్షి ఒంటరిగా ఆకాశంలో ఉంటే దాని సైజు చెప్పడం ఎవరి వల్లా కాదు. అదే కొమ్మ మీద పావురమో మైనానో ఉంటే చెప్పొచ్చు. తోక వదిలేసి ఒళ్లు మాత్రమే పోల్చండి: రామచిలక మైనాకు దగ్గరగా ఉంటుంది, పెద్ద చిలక పావురం వైపు మొగ్గుతుంది, ఎర్రతల చిలక మైనా కంటే నాజూకు.

పడమర వెలుగు వెనక ఉండి రంగులు పోయినప్పుడు ఆకారం, రెక్కల తాళం చూడాలి. రామచిలక బాణంలా తిన్నగా, వేగంగా, గబగబా రెక్కలు కొడుతూ పోతుంది. పెద్ద చిలక రెక్క నిదానంగా, లోతుగా కొడుతుంది, తల బరువుగా ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. ఎర్రతల చిలకల గుంపు మరీ వేగం, అన్నీ ఒక్కసారే పక్కకి ఒరిగి మలుపు తిరుగుతాయి. నెత్తి మీదుగా పోతున్నప్పుడు రెక్క అడుగు కనబడితే అదీ చూడండి. రామచిలకకు అక్కడ ముందు భాగం పసుపుపచ్చ, ఎర్రతల చిలకకు నీలిపచ్చ.

లెక్కపెట్టాలంటే ఒక్కొక్కటీ లెక్కపెట్టకండి. ముందు పది పక్షుల గుంపు ఎంత మేర ఉంటుందో కంటికి అలవాటు చేసుకుని పదుల్లో లెక్కించండి. జాతి తేలని వాటిని రామచిలకల లెక్కలో కలపొద్దు. పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్‌ వెబ్‌సైట్‌లో జాతి తేలని చిలక అని రాసే వీలుంది, దాన్ని వాడుకోండి.

ఫొటో తీసేటప్పుడు

8×42 బైనాక్యులర్స్ ఉంటే 30 మీటర్ల దూరంలో కింది ముక్కు రంగు హాయిగా తెలుస్తుంది. అది లేకపోతే ఫోనే సాధనం. ఒక్క ఫొటోలో మూడు రావాలి: ముక్కు పక్క నుంచి, భుజం, తోక కొస. పక్షి ఎటు తిరిగి ఉన్నా మీరు పక్కకు నడిచి ఆ కోణం తెచ్చుకోండి. రొమ్ము వైపు నుంచి తీసిన ఫొటోలో చిలక ఎంత అందంగా ఉన్నా జాతి చెప్పడానికి పనికిరాదు.

వెనక ఖాళీ ఆకాశం ఉంటే కెమెరా పక్షిని నల్లగా చేసేస్తుంది. ఎక్స్‌పోజర్‌ను +0.7 నుంచి +1 దాకా పెంచండి. ఫోన్లో అయితే తెర మీద పక్షిని తాకి వెలుతురు గీతను పైకి జరపండి. సాయంత్రం పసుపు ఎండలో పసుపు ముక్కు కూడా నారింజగా, ఎర్రగా కనబడుతుంది. ఎర్రతల చిలక ఆడపక్షిని రామచిలక అని రాసిన తప్పులు ఎక్కువగా సాయంత్రపు ఫొటోల మీదే జరుగుతాయి. ఎగిరే గుంపును స్లో మోషన్ వీడియో తీసి, ఇంటికొచ్చాక ఆపి ఆపి చూస్తే తోక కొసలు దొరుకుతాయి. వాట్సాప్‌లో పంపిన ఫొటో కుదించుకుపోయి ముక్కు రంగు ముద్దగా మారుతుంది. అసలు ఫైలే పంపమని అడగండి.

పంజరం దాటినవి, రంగు మారినవి

నీలం చిలక కనబడిందని సంబరపడేవాళ్లుంటారు. అది రామచిలకే. పెంపకంలో వచ్చిన రంగు మార్పు. ఒంట్లో పసుపు రంగు పదార్థం లేకపోతే పచ్చ కాస్తా నీలమవుతుంది. కంటె గులాబిగా కాక తెల్లగా ఉంటుంది, ముక్కు మాత్రం ఎరుపే. అలాగే ఒళ్లంతా పసుపుగా ఉండే చిలక. దానికి నలుపు పదార్థం లేదు, అందుకే కింది ముక్కు కూడా ఎర్రగా ఉంటుంది, మగపక్షి అయితే గులాబి కంటె మిగులుతుంది. ఇలాంటిది స్వేచ్ఛగా తిరిగే గుంపులోనూ అరుదుగా పుడుతుంది. మనిషిని చూసి బెదరకపోవడం, రెక్క ఈకలు కత్తిరించినట్టు సమంగా ఉండటం, తోక కొసలు ఊచలకు రాసుకుని అరిగిపోవడం, కాలికి రింగు ఉండటం పంజరం గుర్తులు.

రొమ్ము గులాబి రంగులో ఉండి, తల బూడిద రంగులో, గడ్డం దగ్గర వెడల్పైన నల్ల మీసంలాంటి పట్టీ ఉంటే అది ఈశాన్య రాష్ట్రాల్లో, అండమాన్‌లో ఉండే ఎర్రరొమ్ము చిలక. తెలుగు నగరాల్లో కనబడిందంటే ఎవరో పెంచి వదిలేసిందే అయ్యుండాలి.

ఇక పచ్చగా ఉండి చిలకలు కానివి. ఎండిన కొమ్మ చివర నిటారుగా కూర్చుని, సన్నటి వంకర నల్ల ముక్కుతో, తోకలోంచి సూది లాంటి ఈక పొడుచుకొచ్చి ఉన్నది తేనెటీగల్ని పట్టే పిట్ట. మధ్యాహ్నం 'టుక్ టుక్ టుక్' అని ఇత్తడి గిన్నె మీద సుత్తితో కొట్టినట్టు ఆపకుండా అరిచేది కంసాలి పిట్ట. పొట్టిగా పిచ్చుకంత, 14 సెంటీమీటర్లు మాత్రమే ఉండి, తోక ఉన్నట్టే కనబడక, నడుము ఎర్రగా మెరిసి 'చీచీచీ' అని మూడు ముక్కల్లో అరుస్తూ చెట్టు పైనుంచి దూసుకుపోయేది మాత్రం నిజంగానే చిలక జాతిది. తూర్పు కనుమల్లో ఉంటుంది, గబ్బిలంలా తలకిందులుగా వేలాడుతూ నిద్రపోతుంది. ఎదిగిన మగదానికి గొంతు దగ్గర నీలం మచ్చ ఉంటుంది.

ఒక పక్షిని తేల్చడం

మునగ చెట్టు మీద కంటె లేని చిలక ఒకటి కూర్చుందనుకోండి. ఉదయం ఏడున్నర, సూర్యుడు మీ వెనక ఉన్నాడు. ముక్కు చూశారు: పైన ఎరుపు, కింద కూడా ఎరుపులాగే ఉంది గానీ నీడ పడింది. ఇక్కడే పెద్ద చిలక అని రాయకండి. భుజం చూశారు, ఈకలు ఉబ్బి ఉన్నాయి, మచ్చ కనబడలేదు. అదే కొమ్మకు మైనా వచ్చి వాలింది, చిలక ఒళ్లు దానికి అటూ ఇటూగా ఉంది. పెద్ద చిలక అయ్యే అవకాశం తగ్గింది. చిలక తల తిప్పింది, కింది ముక్కు ఎండలోకి వచ్చి నల్లగా కనబడింది. కన్ను చుట్టూ తెల్లటి వలయం ఉంది, అంటే పిల్ల కాదు. రెక్క చాచింది, భుజం అంతా పచ్చే. ఎగిరిపోతూ 'కీయక్' అంది. అప్పుడు రాయండి: రామచిలక, ఒకటి, ఎదిగినది, ఆడపక్షి కావచ్చు. 'కావచ్చు' ఎందుకంటే కన్ను చుట్టూ వలయం వచ్చిన మగపక్షి కూడా కంటె వచ్చేలోపు కొన్నాళ్లు ఇలాగే ఉంటుంది.

దేశం దాటితే

లండన్ పార్కుల్లో గుంపులుగా తిరిగే పచ్చ చిలకలు మన రామచిలక జాతివే. కింది ముక్కు నలుపన్న గుర్తు అక్కడ నమ్మదగింది కాదు, భుజం మచ్చ చూసుకోవాలి. దుబాయ్ తోటల్లో రామచిలక, పెద్ద చిలక రెండూ స్థిరపడ్డాయి కాబట్టి అక్కడ భుజం చూడకుండా ఏదీ రాయకండి. డాలస్, ఆస్టిన్, న్యూజెర్సీలోని ఎడ్జ్‌వాటర్‌లలో కనబడే పచ్చ చిలక వేరే వంశం, దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మాంక్ చిలక. పొడవు 30 సెంటీమీటర్ల లోపు, ముఖం రొమ్ము బూడిద రంగు, ముక్కు ఎరుపు కాదు, గోధుమ రంగు కలిసిన పసుపు, రెక్క ఈకల్లో నీలం. పక్షి కనబడకపోయినా గూడు పట్టిస్తుంది. మిగతా చిలకలు తొర్రలు వెతుక్కుంటే ఇది పుల్లలతో గూడు కట్టుకుంటుంది. కరెంటు స్తంభాల మీద, ఫ్లడ్‌లైట్ల పక్కన ఎండు పుల్లల మోపు పెద్దగా వేలాడుతూ, దానికి రెండు మూడు గుండ్రటి వాకిళ్లు ఉంటే, వాటి కింద ఐదు నిమిషాలు నిలబడండి. బూడిద ముఖం ఒకటి బయటికి తొంగి చూస్తుంది.